అంగారకుడి మీద తారురోడ్డు

ఏ ఊళ్ళోనైనా ఉన్నట్టుండి రోడ్డు పడిందంటే మంత్రి వస్తున్నాడని అర్థం. ఈ సంగతి మన దగ్గర పాలుతాగే పిల్లవాడిని అడిగినా చెబుతాడు. పాపం, వకుళకే తట్టలేదు. ఆవిడ తెలివితక్కువదేమీ కాదు. ధ్యాస భూమి మీద లేదు, అంతే.

వకుళ ఉద్యోగం బండి తోలడం. ఆ బండి మాత్రం అంగారక గ్రహం మీద ఉంది. ఆరు చక్రాలు, వీపు మీద ఎండను పట్టుకునే పలకలు, మెడ చాచి చూసే కెమెరా. గ్రహతల సంచార సంస్థవారు దానికి 'అంగారక విహారి' అని పేరు పెట్టి, వర్జ్యం లేకుండా చూసి, టెంకాయ కొట్టి మరీ పంపారు. కాగితాల్లోనూ డైరెక్టరు గారి నోటా తప్ప, ఆ పేరుతో దాన్ని పిలిచిన పాపాన మాత్రం సంస్థలో ఎవరూ పోలేదు. పైనున్నవాడు పెద్దోడు. అచ్చుగుద్దినట్టు వాడిలాగే ఉండే జతవాడు ఒకడు కింద, రాయలసీమలో రాళ్ళకు పేరుబడ్డ ఒక మూల, సంస్థవారి యార్డులో ఉన్నాడు. వాడు చిన్నోడు.

చిన్నోడితో పనేమిటంటే, సంస్థలో ఒక పద్ధతి ఉంది. పైన పెద్దోడికి కష్టమైన నేల ఎదురైందనుకోండి. వాడు పంపిన ఫోటోలు చూసి అదే రాయి, అదే గుంత, అదే ఇసుక యార్డులో పేరుస్తారు. అందులో చిన్నోడిని నడిపిస్తారు. వాడు బయటపడితే ఆ కదలికలనే ఆజ్ఞలుగా పైకి పంపుతారు. కూరుకుపోతే ఇంకో దారి వెతుకుతారు. కింద నడవనిది పైన నడవరాదు అన్నది సంస్థ నియమావళిలో మొట్టమొదటి నియమం. నియమం బంగారం లాంటిదే. మన దగ్గర నియమాలన్నీ పుట్టినప్పుడు బంగారాలే, పెంచినవాళ్ళ చేతిలో ఉంటుంది మిగతా కథ.

పెద్దోడు ఇప్పుడు పెద్ద చిక్కులో ఉన్నాడు. ఒక లోతట్టు గుంటలోంచి గట్టెక్కుతూ రెండు పెద్ద రాతి గుండ్ల నడుమ మెత్తటి ఇసుకలో దిగబడ్డాడు. ముందర ఎడమ చక్రం తిరగడం మానేసింది. అంగారకుడి మీద చలికాలం వస్తోంది. గుంటలోకి నీడ రోజు రోజుకూ జరుగుతోంది. ఎలాగో గట్టెక్కి ఎండ తగిలే వాలు చేరాడా, పలకల మీద వెలుగు పడుతుంది, చలికాలమంతా కూర్చుని బతుకుతాడు. చేరలేదా, చలికి లోపలి తీగలు బీటలు తీసి చచ్చిపోతాడు. యంత్రం చావడమేమిటని మీరు నవ్వితే నవ్వండి. వకుళ నవ్వదు. సొంత కొడుకు తొలి అడుగు వేసిన పూట ఆవిడ ఇంట్లో లేదు, యార్డు పక్కనున్న కంట్రోలు రూములో పెద్దోడి తొలి అడుగు చూస్తోంది. అందుకని కొడుకు దగ్గర ఎంత సిగ్గుపడుతుందో పెద్దోడి మీద అంత ప్రాణం పెట్టుకుంది.

ఆ రెండు గుండ్లనూ ఆ ఇసుకనూ యార్డులో దింపడానికి ఆవిడా, యార్డు సూపర్‌వైజరు మస్తాన్‌వలీ ఎండలో మాడి మసైపోయారు.

"మేడం, ఫోటోలో ఈ గుండు పక్కన పిడికెడు రాయొకటి ఉండాది. అది గూడా పెట్టల్లనా?" అని అడిగాడు వలీ.

"పెట్టల్ల వలీ. పైనోడికి ఎంత కష్టముందో కిందోడికీ అంతే ఉండల్ల."

వలీ ఆ పిడికెడు రాయి కోసం గుట్టంతా గాలించి తెచ్చి, ఫోటో పక్కన పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి పెట్టాడు. ఇక చిన్నోడిని దింపడమే తరువాయి. ఇంతలో వకుళకు పట్నంలోని కేంద్ర కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది.

డైరెక్టరు డాక్టర్ విరూపాక్షరావు గారు మామూలు మాటలు మాట్లాడి చాలా కాలమైంది. ఇంట్లో ఉప్మా బాగుంటే, "అల్పాహారం సంతృప్తికరంగా ఉన్నట్లు గమనించడమైనది" అంటారని చెప్పుకుంటారు. నిజమే అయ్యుండాలి. ఆయన సమావేశంలో కళ్ళజోడు సవరించుకుని ఇలా అన్నారు.

"గౌరవనీయులైన మంత్రివర్యులు మన యార్డును సందర్శించుటకు సమ్మతించియున్నారు. రాళ్ళు, గుంతలు, ఇసుకతో కూడిన కష్టతర భూభాగమును స్వయంగా వీక్షించవలెనని వారి అభిలాష. తత్సంబంధమైన ఏర్పాట్లన్నీ యుద్ధప్రాతిపదికన గావించబడుచున్నవి."

ఏర్పాట్లంటే పందిరి, పన్నీరు, శాలువా అనుకుంది వకుళ. వాహనశ్రేణికి అనువైన మార్గమని ఆయన ఇంకేదో చదువుతున్నారు గానీ, ఆవిడ మనసు తిరగని చక్రం చుట్టూ తిరుగుతోంది.

తిరిగి వచ్చేసరికి యార్డు గేటు దగ్గరే తారు వాసన గుప్పున కొట్టింది. లోపల ఈ కొస నుంచి ఆ కొసకు నల్లగా నిగనిగలాడుతూ రోడ్డు పడుంది. రెండు పక్కలా సున్నం గీతలు, గీతల వెంట పూలకుండీలు. సరిగ్గా పెద్దోడు దిగబడిన చోటును పేర్చిన దగ్గర రోడ్డు రోలరు నిలబడి సేద తీరుతోంది. ఖాళీ తారు డ్రమ్ము మీద మస్తాన్‌వలీ తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా రాళ్ళు మేడం," అన్నాడు.

రోడ్ల శాఖ ఇంజనీరు ఓబుళరెడ్డి మెడలో తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ నవ్వు ముఖంతో ఎదురొచ్చాడు. చెడ్డవాడు కాదు. చేతిలో రోలరున్న మంచివాడు, అదే ఇబ్బంది.

"ఏం సార్ ఇది!" అంది వకుళ.

"రోడ్డు మేడం. అద్దం మాదిరి ఉండాది చూడండి. ఈ కొసన టెంకాయ వదిలితే ఆ కొసన పోయి నిలబడతాది."

"ఇక్కడ గుంత ఉండల్ల సార్. రెండు గుండ్లు ఉండల్ల!"

"ఏంటికి లేవు మేడం, ఉండె. అబ్బబ్బ, ఎంత అసయ్యంగా ఉండెనో! మీరేం దిగులు పడొద్దండి, ఒక్కటి గూడా లేకుండా చేసేసినాం."

"మంత్రిగారు వచ్చేదే గుంతలు చూసేదానికి కదా!"

ఓబుళరెడ్డి ఆవిడ వంక జాలిగా చూశాడు. "మేడం, మీరు చదువుకున్నోళ్ళు, ఆకాశం సంగతి మీకు తెలుసు. రోడ్డు సంగతి నాకు తెలుసు. మంత్రి కండ్లతో గుంత చూసినంక ఉద్యోగంలో మిగిలిన ఇంజనీరును ఒక్కన్నంటే ఒక్కన్ని చూపించండి, ఈ రోడ్డు నేనే తవ్విస్తా."

వకుళ రోడ్డు పొడుగునా చూసింది. నడిమధ్యలో ఒక ఎత్తు కనిపించి, అదేమిటని అడిగింది.

"స్పీడు బ్రేకరు మేడం. రోడ్డుంటే స్పీడు బ్రేకరుండల్ల, రూలు. లేకపోతే బండ్లు యమా స్పీడుగా పోతాయి."

ఆ రోడ్డు మీద నడవబోయే బండి చిన్నోడు. వాడు పరుగెత్తితే పక్కన నడిచే తాబేలు ఆగి ఆగి పోవాలి.

మంత్రిగారు రానే వచ్చారు. బాజాభజంత్రీలు, పన్నీరు, శాలువా అయ్యాక చిన్నోడిని రోడ్డు మీద పెట్టారు. వాడు జన్మలో అంత సుఖం ఎరగడు. బుద్ధిగా, నున్నగా, చప్పుడు లేకుండా సాగిపోయి, స్పీడు బ్రేకరు దగ్గర ఒకసారి తల ఊపి, అవతలి కొసకు చేరుకున్నాడు. చప్పట్లు మోగాయి.

"ఇంతేనా?" అన్నారు మంత్రిగారు. "దీనికేనా మీరంతా తలలు పట్టుకుని కూర్చున్నది?"

"తమరి పాదధూళి సోకినందున భూభాగమే అనుకూలించినది," అన్నారు విరూపాక్షరావు గారు చేతులు కట్టుకుని.

"మరి పైనున్నదానికి కూడా ఇట్లే పొమ్మని చెప్పండి. జనం ఎదురుచూస్తున్నారు. ఇంకా జాగు దేనికి?"

అని ఆయన కారెక్కి వెళ్ళిపోయారు. వారి మాట ఆజ్ఞ అయి, సాయంత్రానికల్లా సంతకాలతో వకుళ చేతికి వచ్చింది: చిన్నోడు నడిచినట్టే పెద్దోడిని తిన్నగా, పూర్తి వేగంతో నడిపించవలెను. అలా నడిపిస్తే వాడు నేరుగా గుండుకు గుద్దుకుని, మిగిలిన చక్రాలు కూడా విరగ్గొట్టుకుంటాడు. ఆవిడ కాగితం పట్టుకుని, యార్డు అతిథిగృహంలో డైరెక్టరు గారు దిగిన గదికి పరిగెత్తింది.

"సార్, పైన రోడ్డు లేదు."

"మన యార్డు అంగారక తలమునకు సర్వవిధముల సమానమని ధ్రువీకరణ పత్రం అమలులో ఉన్నదా, లేదా?"

"ఉంది సార్. కానీ అది రోడ్డు వేయకముందు ఇచ్చింది."

"రోడ్డు వేసినచో చెల్లదని అందు షరతు కలదా?"

"లేదు సార్."

"అట్లైన యార్డునందు రోడ్డు ఉన్నది కనుక పైన కూడ ఉండి తీరవలెను. లేదని మీరనుచున్నారు. ఇది మిక్కిలి తీవ్రమైన వ్యత్యాసం. విచారణ జరిపించవలసియున్నది." ఆయన ముఖంలో వెలుగు వచ్చింది. విచారణ అన్న మాట పలికితే చాలు, ఆయనకు ఆకలి కూడా వేస్తుందట.

ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమన్నట్టు, మర్నాడే 'ఉభయతల వ్యత్యాస విచారణ సంఘం' ఏర్పడింది. అధ్యక్షుడు విరూపాక్షరావు గారు, రహదారి నిపుణుడు ఓబుళరెడ్డి. వకుళకు ఓటు లేని కుర్చీ ఒకటి వేశారు.

సంఘం ఎదుట పెద్దోడు పంపిన ఫోటోలు పరిచారు. గుండ్లు, ఇసుక, గుంత, అంచున నీడ.

"ఈ చిత్రములందు రోడ్డు కానరాదేమి?" అన్నారు అధ్యక్షులు.

"లేదు కాబట్టి సార్," అంది వకుళ.

"అది ఊహాగానం. విహారి ఉద్దేశపూర్వకంగా రోడ్డు లేని వైపు కెమెరా త్రిప్పియుండవచ్చును గదా. ఆమోదిత స్థలమునకు విరుద్ధమైన చిత్రములు పంపినందుకు దాని వివరణ కోరవలెను."

అక్షరాలా కోరారు. 'ఇందుమూలముగా అంగారక విహారికి తెలియజేయునది ఏమనగా' అని మొదలుపెట్టి నోటీసు తయారుచేశారు. దాన్ని పైకి పంపే భాగ్యం వకుళకే దక్కింది. పైకి మాట చేరడానికి పట్టే సమయంలో కాఫీ కాచుకుని తాగి గ్లాసు కడిగి బోర్లించవచ్చు. తిరుగు మాటకు ఇంకో కాఫీ. పెద్దోడి సమాధానం వచ్చింది: "ఆజ్ఞ అర్థం కాలేదు." దాని కింద, పద్ధతి ప్రకారం, ఎదురుగా కనిపిస్తున్న గుండు ఫోటో.

అధ్యక్షులు ఫోటోను చాలాసేపు చూశారు. "జాప్యముతో కూడిన సమాధానం. పైగా అదే గుండు మరల పంపినది. ఇది ధిక్కార ధోరణి."

"సార్, వాడు యంత్రం!"

"ప్రభుత్వ సేవలో ఉన్న యంత్రం," అని దిద్దారు ఆయన.

వకుళ కుర్చీలోంచి లేచింది. "సార్, నీడ వాడి చక్రాల దాకా వచ్చేసింది. చార్జి సగానికి పడిపోయింది. పాత ఫోటోల ప్రకారం యార్డు మళ్ళీ తయారు చేసుకోనివ్వండి, నేను దారి వెతుక్కుంటా. వాడు చచ్చిపోతాడు సార్." అంతమందిలో ఏడవకూడదని పళ్ళు బిగబట్టింది.

ఓబుళరెడ్డికి మనసు కరిగింది. సాయం చేద్దామనే నోరు తెరిచాడు. "సార్, మేడం బాధ చూడలేకుండా ఉండాను. పైన రోడ్డు లేకపోతే, పని జరుగుతాండాదని రాసుకోండి. యాడైనా అంతే గదా, రోడ్డు లేదంటే పని జరుగుతాండాదనే అర్థం."

"శభాష్!" అన్నారు అధ్యక్షులు. "పైన రోడ్డు నిర్మాణము పురోగతిలో ఉన్నదని సంఘం నిర్ధారించినది. మరి నిర్మాణము జరుగుచున్న రోడ్డుపై వాహనముల మాటేమిటి?"

"నిలిపేయల్ల సార్. రూలు."

అలా, రోడ్డు పని పూర్తయ్యేదాకా అంగారక విహారి కదలరాదని ఉత్తర్వు పుట్టింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. యార్డు గేటుకు 'పని జరుగుచున్నది, అంతరాయమునకు చింతిస్తున్నాము' అని బోర్డు కూడా కట్టారు.

బయటికి వచ్చాక వకుళ ఓబుళరెడ్డిని పట్టుకుంది. "మీ రోడ్డు ముక్క కొంచెం తవ్వుకోనివ్వండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా."

"అయ్యో, అంత మాటనొద్దు మేడం. కొత్త రోడ్డు మీద గడ్డపార పెడితే కేసవుతాది. నేను పెట్టినా కేసే."

"ఎవరూ పెట్టకూడదా?"

"ఎవురూ పెట్టగూడదు." అని నిట్టూర్చి, "నీళ్ళ పైపులోళ్ళు తప్ప," అన్నాడు. "వాళ్ళు మమ్మల్ని అడగరు మేడం. ఎప్పుడూ అడగలే. నా పెండ్లికని మా ఇంటి ముందర ముచ్చటపడి రోడ్డేయించుకుంటి. పెండ్లికూతురు కారు దిగేలోపల తవ్వేసినారు. చెక్క పలకేసి దాటించినాం ఆ యమ్మను." ఇన్నేళ్ళయినా ఆ గాయం మానలేదని కళ్ళు చూస్తే తెలుస్తోంది.

వకుళ ఆ మాట విని నిలబడిపోయింది. తర్వాత ఒక్క ఉరుకున స్కూటరు తీసింది.

నీటి సరఫరా విభాగంలో ఎర్రిస్వామి అనే ఇంజనీరు ఉన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ధర్నా చేస్తే, నవ్వుతూ నమస్కారం పెట్టి పంపేసేవాడు. వకుళ వెళ్ళేసరికి కుర్చీలో వెనక్కి వాలి వక్కలు నములుతున్నాడు.

"మా యార్డుకు కుళాయి కావాల సామీ," అంది.

"చూస్తాం లే మేడం. చానామంది ఉండారు ముందర. మీ వంతు రావల్ల, పైపులు రావల్ల, మనుషులు రావల్ల..."

"పైపు కొత్త రోడ్డు కింద పోవాల్సి వస్తుంది. అదే కొంచెం ఇబ్బంది."

ఎర్రిస్వామి నమలడం ఆపాడు. నిటారుగా కూర్చున్నాడు. "కొత్త రోడ్డా? ఎంత కొత్తది?"

"ఇంకా తారు వాసన పోలేదు."

"పొడుగెంతుంటాది?"

"యార్డు ఈ కొస నుంచి ఆ కొసకు."

"ఏమప్పా, ఇంత మంచి మాట చెప్పేదానికి ఇంతసేపా!" అని ఆయన వక్కలు ఊసేసి లేచి నిలబడ్డాడు. "మీరు ఇంటికి పోండి మేడం. పొద్దున్నే వస్తాం. చుట్టంలా వచ్చినారు, కాదంటామా?"

తెల్లారి వకుళ స్కూటరు దిగేసరికే తవ్వేశారు. ఆహా, ఏం తవ్వడం అది! తిన్నగా తవ్వితే ఒక గంట పని. వాళ్ళు వంకరటింకరగా తవ్వారు, ఒకచోట లోతు, ఒకచోట మిట్ట. మట్టి ఒక పక్క, తారు పెళ్ళలు ఒక పక్క, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని బండలు అన్ని పక్కలా. నడిమధ్యలో పైపు పెట్టడం మరచిపోయి, అక్కడే ఇంకో గుంత తవ్వారు. భగవంతుడు అంగారకుణ్ణి చేసేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండడు. వలీ అక్కడక్కడా నాలుగు బండలు జరిపి, ఇసుక పోసి, ఫోటోతో సరిచూసుకుని, చేతులు దులుపుకున్నాడు.

"నేను పేర్చినదాని కంటే బాగొచ్చింది మేడం," అన్నాడు కాస్త అసూయగా.

పెద్దోడికి మల్లే ముందర ఎడమ చక్రం తిరగకుండా బిగగట్టి చిన్నోడిని దింపారు. ముందుకు నడిపితే కూరుకున్నాడు. పక్కకు తిప్పితే ఒరిగాడు. తిరగని చక్రం ఇసుకను నెట్టుకుంటూ పోయి ముందర గోడ కడుతోంది. వకుళ నేల మీద బోర్లా పడుకుని ఆ చక్రం కేసే చూసింది. చక్రం విరిగిన సూట్‌కేసును ఎవరూ ముందుకు నెట్టరు, వెనకాల ఈడ్చుకుపోతారు. వాడిని వెనక్కి నడిపించి చూసింది. చిన్నోడు వెనకడుగులు వేస్తూ, చెడ్డ చక్రాన్ని ఈడ్చుకుంటూ, గుండును డొక్కతో రాసుకుంటూ, మట్టి దిబ్బ మీదికి వచ్చి నిలబడ్డాడు.

"అల్లా!" అని అరిచాడు వలీ. వకుళ ఒళ్ళంతా మట్టితోనే లేచి అతని భుజం పట్టుకుని ఊపేసింది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి గదా. కదలరాదన్న ఉత్తర్వు ఇంకా బతికే ఉంది. ఆవిడ అధ్యక్షుల వారిని బతిమాలి యార్డుకు రప్పించింది. ఆయన గట్టున నిలబడి, గుంతలోకి చూసి, ఫోటోలోకి చూసి, మళ్ళీ గుంతలోకి చూశారు. పక్కన ఓబుళరెడ్డి పోయిన రోడ్డును చూసుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"పైన గుంత. క్రింద గుంత. వ్యత్యాసము తొలగినట్లు గమనించడమైనది," అన్నారు అధ్యక్షులు. "కాని పైన నిర్మాణములో ఉన్న రోడ్డు ఏమైనట్లు?"

వకుళ ఏదో చెప్పబోయింది. జవాబు ఓబుళరెడ్డి నోట వచ్చింది, అదీ కడుపు మంటతో.

"ఏమయితాది సార్! అది గూడా పైపులోళ్ళే తవ్వేసుంటారు!"

ఇంతకంటే నమ్మదగిన మాట ఆ సంఘం అంతవరకూ వినలేదు. అందరూ తలలు ఊపారు. ఉత్తర్వు రద్దయింది. వకుళ అప్పటికప్పుడు ఆజ్ఞలు పైకి పంపింది.

కాఫీ కాచుకుంది గానీ తాగలేదు. పైన పెద్దోడి చార్జి అడుగంటింది. మొదటి ఫోటో వచ్చింది, గుండు ఉన్నచోటే ఉంది. రెండోది, గుండు కాస్త పక్కకు జరిగింది. మూడో ఫోటోలో గుండే లేదు. వాలు మీద ఎండ ఉంది. వెనకడుగుల జాడలు, వాటి నడుమ ఈడ్చిన చక్రం గీసిన పొడుగాటి చాలు. పెద్దోడు గట్టెక్కాడు. వకుళ బల్ల మీద తల పెట్టుకుని, ఈసారి ఎవరున్నారని చూసుకోకుండా, హాయిగా ఏడ్చింది.

మర్నాడు విరూపాక్షరావు గారు స్వయంగా కంట్రోలు రూముకు వచ్చారు. చేతిలో కాగితం.

"మంత్రివర్యులు అమిత హర్షం వెలిబుచ్చారు. అయితే ఒక స్వల్ప విషయం. అధిరోహణ సమయమున వారు ఒక గృహప్రవేశమునందు ఉన్నందున స్వయంగా వీక్షింపలేకపోయారు. కావున విహారిని తిరిగి గుంటలోనికి దింపి, వారు యార్డునందు ఆసీనులై ఉండగా మరల ఎక్కించవలెను."

వకుళ కుర్చీలోంచి లేచింది. "సార్, గుంటంతా నీడ నిండిపోయింది. దిగితే మళ్ళీ ఎక్కలేడు. తెలిసి తెలిసి చంపుతామా వాణ్ణి?"

"మంత్రివర్యుల సమక్షంలో ఏదియు విఫలం కాదు. ఇంతవరకు కాలేదు," అని ఆయన అక్కడి నుంచే ఓబుళరెడ్డికి ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టారు. "మంత్రివర్యుల వాహనశ్రేణి వచ్చును. రోడ్డు తక్షణం పునరుద్ధరించవలెను."

"నేను ఎప్పుడంటే అప్పుడు రెడీ సార్," అన్నాడు ఓబుళరెడ్డి. "కానీ గుంత పైపులోళ్ళది. వాళ్ళు తవ్వినారు, వాళ్ళే పూడ్చి నాకు అప్పజెప్పల్ల. అంతవరకు నేను తారు పోసేదానికి లేదు. రూలు."

వకుళ కళ్ళలో నీళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి. ముక్కు తుడుచుకుని, "నేను కలుపుతా సార్," అని చొరవగా ఫోను అందుకుంది.

"ఎర్రిస్వామి గారూ, మా యార్డులో గుంత ఎప్పుడు పూడుస్తారు?"

అవతల వక్కలు నమిలే చప్పుడు ఆగింది. ఫోను కట్టయిందేమో అనుకున్నారు.

"పూడ్చేదా?" అన్నాడు ఎర్రిస్వామి. అలాంటి మాట సర్వీసులో మొదటిసారి విన్నట్టుంది. "మాది తవ్వే సెక్షను మేడం. పూడ్చే సెక్షను వేరే పెట్టల్లని ప్రపోజలు పోయుండాది. మా నాయన గూడా ఈ డిపార్టుమెంటే. ఆయన కాలంలో పంపినారు. జవాబు రాంగానే మీదే మొదట పూడుస్తాం. మీరేం భయపడొద్దండి."

"నాకేం భయం లేదు సామీ," అంది వకుళ.

విరూపాక్షరావు గారు నుదురు రుద్దుకున్నారు. నియమం కాదనడం ఆయనకు చేతకాని పని. కాగితం బల్ల మీద పరిచి కింద రాశారు: "గుంత పూడ్చబడిన తక్షణం రోడ్డు వేయించి, మంత్రివర్యుల సమక్షంలో విహారిని దింపవలెను. అంతవరకు దానిని ఉన్నచోటనే ఉంచవలెను." సంతకం పెట్టి, ముద్ర కొట్టించి, ఆవిడకే ఇచ్చారు.

చలికాలం వచ్చింది. పైన గుంటలో మంచు పేరుకుంది. పెద్దోడు వాలు మీద ఎండ కాచుకుంటూ, కుదిరినప్పుడల్లా ఫోటోలు పంపుతున్నాడు. వకుళ ఇప్పుడు సాయంత్రాలు వేళకు ఇంటికి పోతోంది. కానీ ప్రతి సోమవారమూ నీటి సరఫరా విభాగానికి, గుంత తక్షణమే పూడ్పించ ప్రార్థన అని ఒక అర్జీ రాస్తుంది. పైన 'అతి జరూరు' అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీసి, మరిచిపోకుండా పంపుతుంది. అతి జరూరు అని రాసిన కాగితాన్ని ఆ విభాగంలో ఎవరూ ముట్టుకోరని ఆవిడ ముందే కనుక్కుంది.

ఒక సోమవారం మస్తాన్‌వలీకి దిగులు పుట్టింది.

"మేడం, మీరు వారం వారం రాస్తాండారు. ఖర్మ కాలి నిజంగానే పూడ్చేస్తే?"

"పూడ్చనీ వలీ," అంది వకుళ, కవరు అంటించుకుంటూ. "పూడిస్తే కొత్త రోడ్డు పడతాది. ఇంకో కుళాయి అడుగుదాం."